బుంగ మీద గంగాళం

1,104వ రోజు. కడవలు: 62.

బుంగ మా లంకకి వచ్చి ఇవాళ్టికి వెయ్యిన్నూట నాలుగు రోజులు. రోజుకి ఎన్ని కడవల నీళ్ళు దిగాయో నీరటి రాసిపెట్టాలని గట్టు మీద ఆఫీసువాళ్ళ నియమం. మొగలిలంకకి నీరటిని నేను. పేరు మరిడమ్మ. కడవల లెక్క ఒక్కటే రాయమన్నారు గానీ నాకు నోరు ఊరుకోదు, చెయ్యి అంతకన్నా ఊరుకోదు. ఎలాగూ ఎవరూ చదవరు కాబట్టి మిగతా సంగతులు కూడా ధైర్యంగా రాస్తుంటాను.

గోదారికి ఎర్రనీళ్ళు తగిలాయి. సముద్రం మింగగా మిగిలిన గోదారి ఇది, సగం ఉప్పు, సగం బురద. ఆ నీళ్ళు తొట్టిలోకి తోడిపోస్తే బుంగ లోపలికి పీల్చుకుని తాగే నీళ్ళు చేసి ఇస్తుంది. రేకుల పాక కింద నల్లటి పొట్టేసుకుని కూర్చుంటుంది. నెత్తి మీంచి ఒక కొమ్ము రేకులోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. కంపెనీవాళ్ళు పెట్టిన పేరేదో చాలా పొడుగు. అది పలికేలోపు దాహం చచ్చిపోతుందని మేం బుంగ అనేశాం. లంకలో అరవై రెండు ఇళ్ళవాళ్ళం రెండేళ్ళ కొబ్బరి దింపు పోగేసి దాన్ని కొన్నాం.

పొద్దున్నే వెళ్ళి దాని పొట్ట మీద బొటనవేలు ఆనించి "నేను మరిడమ్మని, నీరటిని" అంటాను.

"శుభోదయం మరిడమ్మగారూ. ఒక్క క్షణం ఆగండి, కనుక్కుంటాను" అంటుంది.

పొట్ట మీద పచ్చదీపం మిణుకుమంటుంది. తరవాత నీళ్ళు వదులుతుంది. వెయ్యి రోజుల నుంచీ ఈ మర్యాదకి మురిసిపోతున్నాను. మా ఇంట్లో నన్ను గారూ అన్నవాళ్ళు లేరు మరి.

ఇవాళ మాత్రం బుంగ కాస్త సణిగింది. "నీటిలో బురద ఎక్కువగా ఉంది. కంపెనీ తేటపొడి వేయండి" అంది. పొడి పొట్లాలు అయిపోయి వారమైంది. వరదకి సరుకుల పడవ రావడం లేదు. సాయంత్రం ఇంట్లో ఈ మాట అంటే మా అత్త అప్పాయమ్మ నవ్వింది.

"బురదకి పొడేటే? చిల్లగింజ అరగదీసి కలిపితే పొద్దున్నకల్లా అడుక్కి దిగిపోద్ది."

చిల్లగింజల కాలం కాదులే అత్తా అని నేనూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

1,105వ రోజు. కడవలు: 9.

తొమ్మిది కడవలు దిగాక బుంగ ఆగిపోయింది. పదో కడవ పోతులయ్యది. సగంలో ఉంది.

"తొట్టిలో తెలియని పదార్థం కనిపించింది. కొనుగోలు షరతు నలభై ఒకటి ప్రకారం ఈ యంత్రం విచారణలో ఉంది. దయచేసి నలభై రోజులు వేచి ఉండండి. మీ సహనానికి ధన్యవాదాలు" అంది.

నేను వేలు పెట్టాను. పేరు చెప్పాను. కాసేపు బతిమాలాను, కాసేపు తిట్టాను. అన్నిటికీ ధన్యవాదాలే చెప్పింది. నా వెనక యాభైమూడు కడవలు వరసలో ఉన్నాయి. అంతలో మా అత్త సానరాయి ఒకచేత్తో, చిన్న గుడ్డసంచీ ఇంకో చేత్తో పట్టుకుని, మొహం వెలిగిపోతూ వచ్చింది.

"నీళ్ళు తేటగా రాలేదూ? తెల్లారకముందే లేచి మూడు గింజలు అరగదీసి తొట్లో కలిపేను. నువ్వు పడుకున్నావని లేపలేదు."

తొట్టిలోకి తొంగి చూశాను. నిన్నటిదాకా మట్టిముద్దలా ఉన్న నీళ్ళలో అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. అంత తేటనీళ్ళు ఆ తొట్టిలో నేనెప్పుడూ చూడలేదు. అయినా కోపం ఆగలేదు. అందరి ముందూ అరిచాను.

"నువ్వేం చేసేవో తెలుసా అత్తా? అది నీ కాపురం కుండ కాదు, గింజలు రాయడానికి! కంపెనీది!"

మా అత్త మొహంలో వెలుగంతా ఆరిపోయింది. మెల్లిగా అడిగింది.

"కంపెనీదేటే మరిడీ? మనం కొనుక్కున్నాం గదా?"

 

1,106వ రోజు. కడవలు: సున్న.

ఎండిన మొదటి రోజు ఇది. గట్టు ఆఫీసువాళ్ళ రూలు అందరికీ తెలిసిందే. ఏడు రోజులు తీపినీళ్ళు లేని లంకని ఖాళీ చేయిస్తారు. ఏడోరోజు మధ్యాహ్నం పడవలు వస్తాయి. మనుషుల్ని ఎక్కించి గట్టు మీద వరసగదుల్లో దింపుతారు. ఆ తరవాత ఆ లంక పేరు కాగితాల్లోంచి కొట్టేస్తారు. పోయినేడు కొంగలలంక అలాగే పోయింది. వాళ్ళ తలుపులు రెండు నెలలపాటు మా రేవులోకి కొట్టుకొస్తూనే ఉన్నాయి. ఒకదాని మీద పసుపు బొట్లు ఇంకా చెరగలేదు.

కంపెనీతో మాట్లాడాలంటే బుంగతోనే మాట్లాడాలి. ఇంకో దారి లేదు. పొద్దున్న వెళ్ళి దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

"నువ్వెవరి దానివి?" అన్నాను.

"మీరు కొనుగోలుదారు మరిడమ్మగారూ."

"అంటే నాదానివే గదా?"

"మీరు కొనుగోలుదారు."

"మరి యజమాని ఎవరు?"

"ఒక్క క్షణం ఆగండి, కనుక్కుంటాను." పచ్చదీపం మిణుకుమంది. "క్షమించండి. ఆ సమాచారం చెప్పే అనుమతి నాకు లేదు."

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. ఈ వెయ్యి రోజులూ రోజూ పొద్దున్న అది కనుక్కున్నది ఎవరిని? మరిడమ్మకి నీళ్ళివ్వమంటారా అని ఎక్కడో కూర్చున్న కంపెనీని రోజూ అడుగుతూ వచ్చింది. నేను కడవ చంకన పెట్టుకుని, ఎంత మర్యాదస్తురాలో నా బుంగ అని మురుస్తూ నిలబడ్డాను. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

తప్పు నాదే. కొన్నరోజున బుంగ షరతులన్నీ చదివి వినిపించింది. పన్నెండో షరతు దగ్గర ఇంట్లో ఎసరు పొంగింది. మిగతావి విన్నాను, అర్థమయ్యాయి అని వేలు నొక్కేసి పరిగెత్తాను. నలభై ఒకటి అన్నది ఒకటుందని నిన్నటిదాకా నాకు తెలీదు. కంపెనీ పొడి తప్ప ఇంకేది వేసినా యంత్రం ఆపేసే హక్కు కంపెనీకి ఉందని అందులో ఉందట. ఈ సంగతి లంకలో ఎవరికీ చెప్పలేదు. అత్త మీద అరిచినప్పుడున్న ధైర్యం దీనికి రాలేదు.

1,107వ రోజు. కడవలు: సున్న.

బొండాలు దింపుతున్నారు. తాగడానికి బొండం, అన్నం వండడానికి బొండం, పసిపిల్లల జావకి బొండం. బొండం నీళ్ళలో ఉడికిన అన్నం మొదటిరోజు పాయసంలా ఉందన్నారు. ఇవాళ కళ్ళు మూసుకుని మింగారు. చెట్లకి ఇంకో నాలుగైదు రోజులకి సరిపడా గెలలు ఉన్నాయి. అయినా బొండం నీళ్ళని గట్టువాళ్ళు తీపినీళ్ళ కింద లెక్కకట్టరు.

మా ఆయన నూకరాజు ఈ చుట్టుపక్కల లంకలన్నిటికీ పెళ్ళివంటల మేస్త్రీ. ఎనిమిది రోజుల్లో పోతులయ్య కూతురి పెళ్ళి. దానికోసం మా లంక ఉమ్మడి గంగాళాన్ని చింతపండేసి తోమి తళతళలాడించి పెట్టాడు. నలుగురు పట్టుకుంటే గానీ లేవని ఇత్తడి గంగాళం అది. ఇప్పుడు దాని పక్కనే కూర్చుని ఊరికే చూస్తున్నాడు.

"పడవలో ఎక్కనిత్తారంటావా దీన్ని?" అన్నాడు.

"మనిషికో మూట అన్నారుగా."

"మరి నా మూట ఇదే."

మా అత్త మూట అప్పుడే కట్టేసింది. సానరాయి, చిల్లగింజల సంచీ, రెండు చీరలు. నాతో మాట్లాడడం లేదు. నేనూ మాట్లాడించలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసింది. చెయ్యి కడుక్కోవడానికి కూడా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళకేసి చూస్తూ తనలో తను అనుకున్నట్టు అంది.

"నేను కాపురానికొచ్చినప్పుడు ఈ లంకలో నీళ్ళకి ఎవుణ్ణీ అడగలేదు."

1,108వ రోజు. కడవలు: సున్న.

ఇవాళ పాత కడవల లెక్క పుస్తకాలు తిరగేశాను. బుంగ ఇదివరకెప్పుడైనా ఆగిందా, ఆగితే మళ్ళీ ఎలా కదిలిందో చూద్దామని. ఎవరూ చదవరనుకుని రాసినవి చివరికి నేనే చదువుకోవాల్సి వచ్చింది. నాలుగువందో రోజు దాటాక పెద్ద గాలివాన వచ్చింది. అక్కడ నా రాత ఇలా ఉంది:

"406. గాలి. బుంగకి పచ్చదీపం ఆరి ఎర్రదీపం వెలిగింది. కనుక్కోలేకపోతున్నానంటోంది. నీళ్ళివ్వదు. 407. అదే గాలి, అదే ఎర్రదీపం. 408. పొద్దున్న బుంగ ఏదో వాగింది. రెండు రోజులుగా నాకు ఎవరూ పలకడం లేదు, తుఫాను నియమం ప్రకారం ఇక మీరు చెప్పినట్టు నడుస్తాను, యజమాని పేరు చెప్పండి అంది. నేను పాక రేకు ఎగిరిపోకుండా పట్టుకుని వేలాడుతున్నాను. ఈ గాలిలో దీనికి పేరంటమా? పలకలేదు. 409. గాలి తగ్గింది. పచ్చదీపం వచ్చింది. కనుక్కుంటాను అంది. నీళ్ళిచ్చింది."

మూడుసార్లు చదివాను. పుస్తకం పట్టుకుని మా ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"రెండు పగళ్ళు, రెండు రాత్రుళ్ళు దానికి కంపెనీ మాట వినపడకపోతే మన మాట వింటదంట! తుఫానుల్లో జనం చచ్చిపోకుండా ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన ఏర్పాటు."

"ఇప్పుడు తుఫాను ఎక్కణ్ణుంచి తెత్తాం?"

"తుఫానెందుకు? కొమ్ముకి వినపడకుండా చేత్తే చాలు."

దుప్పటి కప్పి చూశాం. పచ్చదీపం. కుండ బోర్లించాం. పచ్చదీపం. కొమ్ము విరగ్గొడదామన్నాడు పోతులయ్య. విరిగితే బుంగ శాశ్వతంగా నిద్రపోతుందని మొదటి పన్నెండు షరతుల్లోనే ఒకటుంది, అది మాత్రం నేను విన్నాను. అందరం ఉసూరుమని కూర్చున్నాక మా ఆయన తల గోక్కుంటూ అన్నాడు.

"వంటల దగ్గర వానొత్తే నా రేడియో గంగాళంలో పెట్టి ఇత్తడిమూత ఏత్తాను. మూత ఏత్తే పాట ఆగిపోద్ది. తీత్తే మళ్ళీ పాడతాది. నేనది రేడియో పాడైపోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ."

అందరం ఒకేసారి గంగాళం వంక చూశాం.

1,109వ రోజు. కడవలు: సున్న.

పొద్దున్నే నలుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక నిచ్చెన. గంగాళం పాక మీదకి ఎక్కింది. మా ఆయన పైన నిలబడి పెళ్ళిపందిట్లో ఉన్నట్టే కేకలు వేశాడు. కొమ్ము మీద గంగాళం బోర్లించాక కింద నేను బుంగ పొట్టకేసి చూస్తున్నాను. పచ్చదీపం మిణుకుమంది, మిణుకుమంది, ఎర్రబడింది.

"కనుక్కోలేకపోతున్నాను" అంది బుంగ. ఆ గొంతులో కొంచెం దిగులు కూడా ఉందనిపించింది నాకు. పాపం అనిపించి, మళ్ళీ నా మీద నాకే కోపమొచ్చింది.

లంకంతా చప్పట్లు కొట్టారు. ఏడోరోజుకి ఇంకా మూడురోజులు ఉంది. రెండు చాలు.

1,110వ రోజు. కడవలు: సున్న.

తెల్లారి చూస్తే పచ్చదీపం.

తొట్టి గట్టు మీద కూలబడ్డాను. ఒకరోజు పోయింది. లెక్క మళ్ళీ మొదటినుంచి. ఎందుకు వినపడిందో, ఎక్కణ్ణుంచి వినపడిందో అర్థం కాలేదు. మా ఆయన పాక చుట్టూ పదిసార్లు తిరిగాడు. పోతులయ్య గంగాళానికి చిల్లు పడిందేమో అన్నాడు. ఆ మాటకి మా ఆయన అతన్ని కొట్టేలా చూశాడు.

అయిదు రోజుల తరవాత మా అత్త మొదటిసారి గడప దాటి వచ్చింది. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పాక మీదకి చూసింది. చూస్తూ చూస్తూ పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఒరే నూకా! అది పొయ్యి మీద పెట్టేవేట్రా?"

అప్పుడు చూశాం. గంగాళం మూడు ఇటుకల మీద నిలబెట్టి ఉంది. కింద చెయ్యి పట్టేంత సందు. ముప్పై ఏళ్ళుగా గంగాళం ఎక్కడ దింపినా మూడు ఇటుకలు పేర్చి దింపడం మా ఆయనకి అలవాటు. బోర్లించిన గంగాళానికి కూడా చెయ్యి దానంతట అదే ఇటుకలు పెట్టేసింది.

"మంట ఆడాలి గదా అని..." అని నసిగి, ఏం మంటో తనకే తెలీక ఆగిపోయాడు.

ఇంత కష్టంలో లంకంతా కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే అత్తకేసి చూశాను. తనూ నాకేసి చూసి, గబుక్కున మొహం తిప్పేసుకుంది.

ఇటుకలు తీసేశారు. గంగాళం అంచు రేకు మీద బిర్రుగా కూర్చుంది. ఎర్రదీపం. పొద్దెక్కి అప్పటికి ఎంతోసేపు కాలేదు. ఎల్లుండి ఈ వేళకి రెండు పగళ్ళు, రెండు రాత్రుళ్ళు నిండుతాయి. ఎల్లుండి మధ్యాహ్నమే పడవలు.

1,111వ రోజు. కడవలు: సున్న.

ఎర్రదీపం. గంటకొకసారి వెళ్ళి చూస్తున్నాను. నేను వెళ్ళేసరికి అక్కడ ఎవరో ఒకరు చూస్తూ ఉంటున్నారు. బొండం అన్న మాట వినపడితే పెద్దవాళ్ళు కూడా ఏడుపు మొహం పెడుతున్నారు.

మధ్యాహ్నం అత్త దగ్గరికెళ్ళి కూర్చున్నాను. వేలు నొక్కిన రోజు సంగతి, ఎసరు సంగతి, నలభై ఒకటో షరతు సంగతి మొత్తం చెప్పేశాను. నీ గింజ వల్ల కాదత్తా, నా తొందర వల్ల అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

 అత్త చీరకొంగుతో నా మొహం తుడిచింది.

"ఏడవకు. కళ్ళలో నీళ్ళు కూడా దండగ చేసుకుంటావా?"

1,112వ రోజు. కడవలు: 62.

అంకె ముందే రాశాను కాబట్టి ఊపిరి పీల్చుకుని రాయొచ్చు.

పొద్దున్నే లంకంతా పాక చుట్టూ చేరింది. మూటలు కట్టుకునే వచ్చారు, ఎటైతే అటు అని. నేను బుంగ ముందు నిలబడ్డాను. నిజం దాచడమెందుకు, యజమాని పేరు అడిగితే మరిడమ్మ అని చెబుదామని రెండురోజులుగా అనుకుంటూనే ఉన్నాను. నీరటిని కదా. వెయ్యి రోజులు తుడిచాను కదా. గొంతు కూడా సవరించుకున్నాను.

బుంగ పలికింది.

"రెండు రోజులుగా నాకు ఎవరూ పలకడం లేదు. తుఫాను నియమం ప్రకారం ఇక మీరు చెప్పినట్టు నడుస్తాను. యజమాని పేరు చెప్పండి."

నేను నోరు తెరిచేలోపు మా అత్త నన్ను పక్కకి నెట్టుకుని ముందుకొచ్చింది. వారంరోజులుగా మింగుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"వారం రోజులు పసిపిల్లలకి నోరెండబెట్టి, ఇప్పుడు పేరడుగుతున్నావా? నన్ను అడగడానికి నువ్వెవరివి? అప్పాయమ్మని! ఈ లంకకి అరవయ్యేళ్ళుగా నీళ్ళు మోత్తన్న అప్పాయమ్మని!"

బుంగ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"స్వాగతం అప్పాయమ్మగారూ. ఇకపై మీరే నా యజమాని. ఏం చేయమంటారో చెప్పండి."

 మా అత్త చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మెల్లిగా నాకేసి తిరిగి చెవిలో అడిగింది.

"గారూ అంటంది నన్నేనా?"

"నిన్నే అత్తా. నీళ్ళిమ్మని చెప్పు."

"నీళ్ళియ్యి" అంది, కొత్తకోడలంత నెమ్మదిగా.

"ఎవరెవరికి ఇవ్వమంటారు? పేర్లు నమోదు చేయగలను."

అక్కడ మాత్రం మా అత్త గొంతు మళ్ళీ లేచింది.

"పేర్లేటి? దాహం అన్నోళ్ళందరికీ ఇయ్యి. పేరడక్కు. ఊరడక్కు. నన్ను కూడా అడక్కు."

"అలాగేనండీ" అంది బుంగ.

నీళ్ళు వచ్చాయి. తొట్టిలో ఇన్నాళ్ళూ చిల్లగింజతో తేరుకుని ఉన్న నీళ్ళు కదా, బుంగకి పెద్ద పని కూడా లేకపోయింది. పోతులయ్య సగంలో ఆగిన ఆ పదో కడవ పెట్టాడు. అది నిండుతుంటే చూస్తూ ఆ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకైతే గుండెల మీంచి గంగాళం దించినట్టయింది. ఒకళ్ళ కడవలోంచి ఇంకొకళ్ళు తాగేశారు, మొహాల మీద చల్లుకున్నారు. వరస లేదు, వేలు లేదు. అరవై రెండు కడవలు నేను లెక్కపెట్టగలిగాను. ఆ తరవాత నన్నూ ఎవరో తడిపేశారు.

మధ్యాహ్నం చెప్పిన వేళకే పడవలు వచ్చాయి. ఆరు ఖాళీ పడవలు. మొదటిదాంట్లోంచి కంపెనీ పరిశీలకురాలు దిగింది. పేరు హైమవతి అని మెళ్ళో బిళ్ళ మీద ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. నాలుగు గంటలు ఎండలో కూర్చుని వచ్చినట్టుంది, పెదాలు అతుక్కుపోయి ఉన్నాయి. లంకలో తీపినీళ్ళు ఉన్నాయో లేవో కాగితం మీద రాయాల్సింది ఆవిడే. ఆ కాగితాన్ని బట్టే గట్టువాళ్ళు మనుషుల్ని ఎక్కిస్తారు.

చేతిలో పలక చూసుకుంటూ నేరుగా బుంగ దగ్గరికి వచ్చింది. "ఈ యంత్రం విచారణలో ఉందండీ. దీన్నుంచి నీళ్ళు రావు కాబట్టి..." అని ఏదో చెప్పబోయి దగ్గింది. గొంతు పూడుకుపోయింది. "ముందు ఎవరైనా కాసిని మంచినీళ్ళు ఇస్తారా? చచ్చేంత దాహంగా ఉంది."

మేమెవరం కదల్లేదు. కదలాల్సిన పని లేకపోయింది.

"తప్పకుండానండీ. గ్లాసు కింద పెట్టండి" అంది బుంగ.

ఆ అమ్మాయి పలకకేసి చూసింది. బుంగకేసి చూసింది. మళ్ళీ పలకకేసి చూసింది. నేను గ్లాసు అందిస్తే పట్టుకుని గటగటా తాగేసింది. రెండో గ్లాసు తనే పట్టుకుంది. తాగాక సంచీలోంచి పరీక్ష పుల్ల తీసి నీళ్ళలో ముంచి చూసింది. తరవాత తొట్టి దగ్గరికెళ్ళి అడుగున గులకరాళ్ళు చూస్తూ నిలబడింది.

"విచారణలో ఉన్న యంత్రం నీళ్ళెలా ఇస్తోందండీ?"

"అడిగితే ఇచ్చిందమ్మా" అంది మా అత్త. అందులో అబద్ధం ఏమీ లేదు.

"తొట్టిలో ఏం వేశారు?"

మా అత్త గుడ్డసంచీ విప్పి మూడు చిల్లగింజలు ఆవిడ చేతిలో పెట్టింది. ఎలా అరగదీయాలో వేలితో చూపించింది. ఆ అమ్మాయి వాటిని అటూ ఇటూ తిప్పి చూసి సంచీలో వేసుకుంది. అప్పుడు తలెత్తి పాక మీదకి చూసింది. ఎండలో మా గంగాళం కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. మా ఆయన తోముడు మరి.

"అదేంటండీ, అక్కడ బోర్లించారు?"

మా ఆయనకి అబద్ధం రాదు. "అదండీ, కొమ్ముకి..." అని మొదలుపెట్టేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా అత్త అడ్డొచ్చింది.

"కాకులమ్మా. కొమ్ము మీద కూకుని ఒకటే రెట్టలు."

ఆకాశంలో ఒక్క కాకి లేదు. మా లంకలో కాకి కనపడి ఏళ్ళయింది. హైమవతి ఆకాశం చూసింది, గంగాళం చూసింది, మా మూటలన్నీ చూసింది.  తరవాత ఆవిడ పలక మీద పైకే చదువుకుంటూ రాసింది.

"తీపినీరు, ఉంది. యంత్రం సంకేతం, అందడం లేదు. కారణం..." పాక మీదకి ఇంకోసారి చూసింది. "కాకులు."

పడవెక్కబోతూ వెనక్కి తిరిగింది. "ఆ గంగాళం మాత్రం తియ్యకండి మామ్మగారూ. కాకుల్ని నమ్మలేం."

ఆరు పడవలూ ఖాళీగానే వెళ్ళిపోయాయి. అవి కనుమరుగయ్యేదాకా చూసి, మూటలు విప్పుకోవడానికి ఎవరిళ్ళకి వాళ్ళు పరిగెత్తారు.

1,115వ రోజు. కడవలు: తెలీదు. ఎవరికి కావలసినన్ని వాళ్ళు పట్టుకుపోయారు.

ఇవాళ పోతులయ్య కూతురి పెళ్ళి. గంగాళం కిందికి దించే వీల్లేదు కదా. దించిన మరుక్షణం బుంగ కంపెనీని కనుక్కోవడం మొదలుపెడుతుంది. అందుకని ఇంటికో కుండ చొప్పున అన్నం వండారు. మా ఆయన అరవై పొయ్యిల మధ్య పరిగెడుతూ, ఉప్పు చూస్తూ, అందర్నీ తిడుతూ, తన గంగాళానికేసి చూసి నిట్టూరుస్తూ వంట నడిపించాడు. ఒక కుండలో పలుకు, ఒక కుండలో ముద్ద. జనం మాత్రం కొసరి కొసరి తిన్నారు. బొండం నీళ్ళు కాని నీళ్ళతో వండిన అన్నం అది.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను. పొద్దున్నే అలవాటుగా పాక దగ్గరికెళ్ళాను. అలవాటుగానే వేలు ఆనించి "నేను మరిడమ్మని, నీరటిని" అన్నాను.

"ఎవరైనా ఫరవాలేదండీ. దాహమా?" అంది బుంగ.

నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నబోయాను. వెయ్యి రోజులు నా పేరు పెట్టి పలికిన గొంతు అది. మరుక్షణం నవ్వొచ్చింది. గ్లాసు తీసి కింద పెట్టాను.

"దాహమే" అన్నాను.

ఆగమని అనలేదు.